విశ్వం చదివిన ఏడో తరగతి

విజయనగరం,
9 జూలై 2017.

విశ్వానికి,

అక్క రాజరాజేశ్వరి ఆశీస్సులు. ఇవి ముందు నా మేనకోడలు రాగసుధకి, తర్వాత మరదలు అనితకి, ఇంకా ఏమైనా మిగిలితే నీకు.

మొన్న ఫోనులో నేను మాట్లాడుతుండగానే పెట్టేశావు. ఇక నీతో నోరు విప్పి మాట్లాడనని పైడితల్లి అమ్మవారి మీద ఒట్టేసుకున్నాను. ఉత్తరం రాస్తే ఒట్టు తప్పినట్టు కాదని పూజారిగారిని అడిగి మరీ రాస్తున్నాను.

పిల్ల ఆరో తరగతి శుభ్రంగా పాసయింది. బడిలో దాన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అలాంటి పిల్లని బడి మాన్పించావట. నువ్వు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేశావట. ఎచ్చెర్ల అవతల సముద్రం ఒడ్డున ఇల్లు తీసుకుని తండ్రీ కూతుళ్ళు ఇంట్లో కూర్చున్నారట. అనిత ఒక్కతే రోజూ బస్సెక్కి శ్రీకాకుళం బ్యాంకుకి పోయి వస్తోందట. ఇదంతా చెప్పింది నువ్వు కాదు, శ్రీకాకుళంలో ఉన్న మన జగన్నాధం బావ. ఊళ్ళో అందరికీ తెలిశాక నాకు తెలిసింది.

మన తాత బడిపంతులు. నాన్న బడిపంతులు. నేను మున్సిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుని రిటైరయ్యాను. ఈ ఇంటి పిల్లకి బడి లేకపోవడం ఏమిట్రా? దాన్ని నా దగ్గరికి పంపు. మా వీధి చివర మంచి ఇంగ్లీషు మీడియం స్కూలుంది. పొద్దున్న బడి, సాయంత్రం సంగీతం, రాత్రి నా దగ్గర లెక్కలు. సీటు సంగతి మాట్లాడి ఉంచాను.

నీతో మాట్లాడని అక్క,
రాజేశ్వరి.

*

ఇసకపేట,
20 జూలై 2017.

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం రాగసుధ చేత పైకి చదివించాను. ఒకటి రెండు చోట్ల తడబడింది గాని ఆ రోజుకి తెలుగు పాఠం అయిపోయింది. ఇలాగే రాస్తూండు. నా జవాబు కూడా దానికే ఇస్తాను, తప్పులు దిద్దుతుంది.

ఇంట్లో కూర్చున్నారని రాశావు. కూర్చోవడానికి తీరికేదీ? మాది ప్రాజెక్టు పద్ధతి. ముందు ఒక ప్రశ్న పుడుతుంది. దాని వెంట పడితే లెక్కలూ సైన్సూ సోషలూ వాటంతట అవే వస్తాయి. గంటలు లేవు, మార్కులు లేవు, పుస్తకాల మోత లేదు. గోడ మీద నాలుగు నియమాలు రాసి అంటించాను. ప్రశ్న పిల్లదే అయ్యుండాలి. పెద్దవాళ్ళు జోక్యం చేసుకోకూడదు. ఎవరిని కలవాలన్నా పిల్లే వెళ్ళి కలవాలి. చివర్న పదిమందినీ పిలిచి ప్రదర్శన పెట్టాలి, దాని ఫలితం నిజం బతుకులో పనికి రావాలి.

మొదటి ప్రాజెక్టు పడవ. ఓడ తేలుతుంది గదా, సూది ఎందుకు మునుగుతుంది అన్నది రాగసుధ ప్రశ్న. అంటే, అడిగింది నేనే అనుకో. కాని దానికి తోచేలా అడిగాను.

పంపమన్నావు. పంపను. పిల్ల ఇక్కడ హాయిగా ఉంది. ముఖం చూస్తేనే తెలుస్తోంది, అడగక్కర్లేదు. మా పక్కింటి కూర్మయ్య సముద్రం మీదికి వెళ్తాడు. పొద్దున్నే వచ్చి మా పడవ చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా బీడీ కాల్చుకుని వెళ్తున్నాడు. చాలా ముచ్చట పడుతున్నట్టున్నాడు.

రంపం పట్టుకునే రాస్తున్న తమ్ముడు,
విశ్వనాథ్.

*

విజయనగరం,
6 ఆగస్టు 2017.

రాగసుధా, ఈ నాలుగు ముక్కలూ నువ్వు చదువు. నీకు శ్రుతిపెట్టె పంపుతున్నాను. కొత్తదే, పాలిష్ కూడా పోలేదు. రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చుని సరళీ వరసలు పాడుకో. ఇక ఉత్తరం మీ నాన్న చేతికిచ్చి, మనసులో చదువుకోమను.

ఒరే విశ్వం, పన్నెండేళ్ళ ఆడపిల్ల నిద్రలేస్తూనే పడవ ఎలా తేలుతుందని అడుగుతుందా? పడవ కావాలని చిన్నప్పుడు నాగావళి ఒడ్డున పొర్లి పొర్లి ఏడ్చింది ఎవరో నాకు బాగా గుర్తు. ఆ ఏడుపు ఇప్పుడు దాని పేరు మీద తీర్చుకుంటున్నావు. నీ నియమాల్లో రెండోది, పెద్దవాళ్ళు జోక్యం చేసుకోకూడదన్నది, రంపం ఏ చేత్తో పట్టుకుని రాశావు?

ముఖం చూస్తే తెలుస్తుందన్నావు. ఎందరు పిల్లల ముఖాలు చూశానురా నేను! నా దగ్గర చదువుకోవాలని దానికి ఎంత ఉందో దాన్ని అడక్కుండానే చెప్పగలను. పుస్తకాలు, పెట్టె సర్దించు. జగన్నాధం బావ కారులో దింపుతానన్నాడు.

రాజేశ్వరి.

*

ఇసకపేట,
30 ఆగస్టు 2017.

అక్కయ్యకి,

పడవ నీళ్ళలో దిగింది. కొంతసేపు తేలింది కూడా. మునిగాక కూర్మయ్య నా చొక్కా పట్టుకుని ఒడ్డుకి లాగి, "ఈత రాదేటి బాబూ తమరికి? ముందల ఆ పాజెట్టు సెయ్యకపోయినారా?" అన్నాడు. పిల్ల ఒడ్డునే ఉంది. తడవలేదు. మునగడం కూడా ఫలితమే, ప్రాజెక్టు పద్ధతిలో ఓటమి అనేది ఉండదు. రాగసుధ ఎందుకో పడీ పడీ నవ్వింది. ఇంత ఆనందంగా చదువుకున్న పిల్లని నేనెక్కడా చూడలేదు.

నీ శ్రుతిపెట్టె సమయానికి అందింది. రెండో ప్రాజెక్టు శబ్దం. గాలి ఎటు పోతోంది, లోపల ఏం కదులుతోంది అని విప్పి చూశాం. అన్నీ బొమ్మ వేసుకునే విప్పాను. మళ్ళీ బిగించాక ఒక స్క్రూ, తోలు ముక్క మిగిలాయి. ఇప్పుడు దాన్నుంచి వచ్చే శబ్దం శ్రుతి కాదనుకో, కాని అది కూడా శబ్దమే.

కూర్మయ్య పెళ్ళాం లక్ష్మణమ్మ వచ్చి, "పిల్ల ఏటి తప్పు సేసిందని బడిలోంచి తోలేసినారు బాబూ?" అని అడిగింది. ఎవరూ తోలెయ్యలేదు, మేమే మాన్పించామని అరుగు మీద కూర్చోబెట్టి మొత్తం వివరించాను. అంతా విని, నా వైపు జాలిగా చూసి, "అలగయితే తమరి ఉద్దోగం కూడా పీకేసినారేటి?" అంది.

విశ్వనాథ్.

*

విజయనగరం,
14 సెప్టెంబరు 2017.

విశ్వం,

ఆశీస్సులు లేవు.

శ్రుతిపెట్టె విప్పిన చేతులు పడిపోనూ అని రాయబోయి, తమ్ముడివి గనక ఆగాను. సంగీతం నేర్చుకోమని పంపిన వస్తువుని గడియారం విప్పినట్టు విప్పుతావా? ఇంకా నయం, వీణ పంపలేదు.

అసలు సంగతి నా దగ్గర ఎందుకు దాచావు? జగన్నాధం బావ మీ ఊరి చేపల బజారుకి వెళ్తే, అక్కడ అందరూ అనుకుంటున్నారట, బ్యాంకమ్మగారి అమ్మాయిని బడి నుంచి వెళ్ళగొట్టారని. అది ఏం చేసింది? ఎవర్నైనా కొట్టిందా? పరీక్షలో కాపీ కొట్టిందా? నిజం చెప్పు, నేను తిట్టను. ఇక్కడి స్కూలు వాళ్ళకి ఏం సమాధానం చెప్పాలో ముందే ఆలోచించుకోవాలి గదా. రెండు రోజుల నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాడు. సాయంత్రమయ్యేసరికి రాగసుధ ఆ లక్ష్మణమ్మ కూతురితో చేపలు ఎండబెట్టే చోట కూర్చుని ఉంటోందట. తింటోందా?

రాజేశ్వరి.

*

ఇసకపేట,
5 అక్టోబరు 2017.

అక్కయ్యకి,

ఎవరూ వెళ్ళగొట్టలేదు. నా మాట నమ్మవు, చేపల బజారు మాట నమ్ముతావు! ఒక్క కబురుకే అన్నం మానేశావంటే మనవాళ్ళకి బడి అనేది ఎంత జబ్బుగా పట్టుకుందో చూడు.

చేపలు తినడం లేదు. మూడో ప్రాజెక్టు ఎండుచేపలు. ఇసకలో ఎండబెట్టకుండా శుభ్రంగా ఎండేలా కర్రలూ పాలిథినూ కట్టి ఒక పందిరి చేశాను. కాకులు రాకుండా చేశాను గాని పిల్లుల సంగతి తోచలేదు. లక్ష్మణమ్మ ఒక బుట్ట చేపలు ఇచ్చి ఇక ఇవ్వనంది.

కూతురి పేరు తులసి. రాగసుధ ఈడే. ఊరి హైస్కూల్లో ఏడు చదువుతోంది. ఆ పిల్ల బడి నుంచి రాగానే మనది పరుగెత్తుకెళ్తుంది. తులసి హోంవర్కు పుస్తకం తెరిచి పక్కన కూర్చుంటుంది. ఎందుకమ్మా అంటే, "ఊరికే, చూస్తున్నా నాన్నా" అంటుంది. బడి పిల్లల మీద ఎంత ఒత్తిడి ఉందో పరిశీలిస్తోందన్నమాట. ఒకటి రెండు లెక్కలు తనే చేసి పెట్టింది కూడా. మొన్న రాత్రి, "ఇప్పుడు పరీక్షలు జరుగుతుంటాయి కదా నాన్నా?" అని అడిగి దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుంది. ఆ పరీక్షల భయం దాని మనసులో ఎంత లోతుగా ఉందో నాకు అప్పుడు తెలిసింది. మాన్పించడం ఎంత మంచి పనైందో!

విశ్వనాథ్.

*

విజయనగరం,
16 నవంబరు 2017.

విశ్వం,

కార్తీక సోమవారం శ్రీకూర్మం వచ్చి, అటునుంచి అటే మీ ఇంటికి వచ్చి వెళ్ళాను. ఒట్టు ఉంది గనక నీతో మాట్లాడలేదు. "అనితా, మీ ఆయన్ని కాస్త జరగమను" అంటే నువ్వు, "అనితా, మా అక్కని ఆ కుర్చీలో కూర్చోవద్దను, కాలు విరిగింది" అన్నావు. పాపం ఆ పిల్ల, బ్యాంకులో అంత చాకిరీ చేసి వచ్చి మనిద్దరి మధ్యా టెలిఫోను తీగలా నిలబడింది.

నేను చూసింది రాస్తాను, కాదనగలిగితే కాదను. నువ్వు డాబా మీద గాలిమర బిగిస్తున్నావు. ముఖం నిండా నవ్వు. కింద రాగసుధ మేకుల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మేకు అంటే మేకు, సుత్తి అంటే సుత్తి. అంత పొద్దూ అది చేసిన చదువు అదే. ఏడో తరగతి చదువుతున్నది నువ్వురా, అది నీకు బంట్రోతు.

దాన్ని పక్కకి పిలిచి పదిహేడో ఎక్కం అడిగాను. సగంలో ఆగిపోయి నేల చూసింది. "అత్తా, ఇప్పటికీ బడిలో ప్రార్థనయ్యాక వార్తలు చదువుతారా?" అని అడిగింది. చదువుతారు, నా దగ్గరికి వస్తే నువ్వే చదువుదువుగాని, వేసవి సెలవులయ్యాక వచ్చేస్తావా అన్నాను. "చూస్తానత్తా" అంది. అంటే వస్తానని. డాబా మీదున్న నీకు వినిపిస్తుందని ఆ మాట పైకి అనలేక అలా అంది. వీధి చివరి స్కూలు యూనిఫారం గుడ్డ తీసుకున్నాను. మంచం, టేబులు లైటు కూడా వచ్చాయి.

రాజేశ్వరి.

*

ఇసకపేట,
26 ఏప్రిల్ 2018.

అక్కయ్యకి నమస్కారాలు.

నీ మంచం నువ్వే వాడుకో. ఇక్కడ అద్భుతం జరిగింది.

నువ్వు బంట్రోతు అన్నది మనసులో గుచ్చుకుంది. ఒప్పుకుంటున్నాను, గాలిమరలో నేను కొంచెం ఎక్కువే కలగజేసుకున్నాను. అందుకని రాగసుధతో, చివరి ప్రాజెక్టు పూర్తిగా నీది, నేను వేలు పెట్టను అన్నాను. అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా దగ్గర ప్రశ్న ఉంది నాన్నా. ప్రదర్శన రోజు దాకా చెప్పను. నియమం ప్రకారం నువ్వు అడగకూడదు" అంది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

అప్పట్నుంచీ ఇల్లు పట్టడం లేదు. ఊరి హైస్కూలు హెడ్మాస్టరు ఎల్లాజీగారిని కలిసి వచ్చింది. శ్రీకాకుళంలో తన పాత బడికి వెళ్ళొచ్చింది. ఆధార్ సెంటరు, మండలాఫీసు, టైలరు దుకాణం, అన్నీ తిరుగుతోంది. అనిత రెండు రోజులు సెలవు పెట్టి మరీ దాని వెంట వెళ్ళింది. దాని ప్రశ్న ఆఫీసుల గురించీ కాగితాల గురించీ అయ్యుంటుందని నా అనుమానం. సోషల్ స్టడీస్‌లో ఇంత లోతుకి వెళ్ళిన పిల్ల జిల్లాలో ఉండదు. టైలరు ఎందుకో మాత్రం అందడం లేదు.

జూన్ పన్నెండు, మంగళవారం ఉదయం ప్రదర్శన. ఆదివారం పెట్టుకోకూడదా అంటే పనిదినమే కావాలంది. నువ్వు తప్పకుండా రావాలి.

విశ్వనాథ్.

*

విజయనగరం,
10 మే 2018.

విశ్వం,

నీ సర్కసుకి నేను రాను. నువ్వు కుర్చీలు వేయించి, మైకు పెట్టించి, పిల్లని ఆడించి నన్ను చప్పట్లు కొట్టమంటావు.

అయినా ఇంత తెలివిమాలినవాడివేమిట్రా? పాత బడికి వెళ్ళింది, టైలరు దగ్గరికి వెళ్ళింది, అనిత వెంట ఉంది. పిల్ల నా దగ్గరికి రావడానికి సిద్ధమవుతోంది. ఇక్కడ సీటు ఖాయమైంది. ప్రదర్శన అయిన సాయంత్రం జగన్నాధం బావ కారు తెస్తాడు. పెట్టెతో సహా ఎక్కించు. గుమ్మంలో నిలబడి దాని ముందు మాత్రం ఏడవకు.

రాజేశ్వరి.

*

ఇసకపేట,
13 జూన్ 2018.

అక్కయ్యకి,

ఈ ఉత్తరం ఎవరి చేతా దిద్దించలేదు. తప్పులుంటే సర్దుకో.

అరుగు ముందు షామియానా వేయించాను. "రాగసుధ ఏడో తరగతి ప్రదర్శన" అని ఫ్లెక్సీ కొట్టించాను. మా కాలేజీ నుంచి గణపతిరావుగారు వచ్చారు. కూర్మయ్యా లక్ష్మణమ్మా కడిగిన బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. నేను మైకులో ప్రాజెక్టు పద్ధతి గురించి మాట్లాడాను. కొంచెం ఎక్కువసేపే మాట్లాడాను.

లోపలి నుంచి రాగసుధ వచ్చింది. ఊరి హైస్కూలు యూనిఫారం వేసుకుని, భుజాన సంచీతో. పక్కన తులసి. చార్టు లేదు, బొమ్మ లేదు. మైకు తీసుకుని, "నా ప్రశ్న, బడి మాన్పించిన పిల్ల మళ్ళీ బడిలో చేరాలంటే ఎవరెవర్ని కలవాలి? అందర్నీ కలిశాను. ఫలితం చూడాలంటే నాతో రండి, ప్రార్థనకి వేళైంది" అంది. మైకు నా చేతిలో పెట్టి తులసితో నడిచి వెళ్ళిపోయింది. అనిత వెనకే వెళ్ళింది. ఆమెకి మొదట్నుంచీ తెలుసు. మిగతావాళ్ళూ లేచి వెళ్ళారు. ఖాళీ కుర్చీల మధ్య కాసేపు నిలబడి నేనూ వెళ్ళాను.

మేం చేరేసరికి అది ఎనిమిదో తరగతి వరసలో నిలబడి ఉంది. హెడ్మాస్టరు ఎల్లాజీగారు గేటు దగ్గరికొచ్చి, "తండ్రిగారు తమరేనేటండీ? పిల్ల అన్నీ ఒక్కర్తే సూసుకుంతంటే, పాపం తండ్రి లేడనుకున్నాం" అన్నారు. మంచి మనిషి, నన్ను నొప్పించాలని అన్నది కాదు. లక్ష్మణమ్మ నా భుజం తట్టి, "పోన్లే బాబూ, పిల్లకి మాపీ సేసినారు. తమరికి కూడా ఉద్దోగం మల్లీ ఇచ్చేస్తారు, బెంగెట్టుకోకండి" అంది.

గేటు బయట నిలబడి ఏడ్చాను అక్కా. మొదట కోపంతో. తర్వాత దాన్ని చూస్తే కోపం నిలవలేదు. ప్రార్థన పాడుతూ అది నవ్వుతోంది. పడవ మునిగిన రోజు నవ్విన నవ్వు కాదది. ఏడాదంతా దాని ముఖం చూసి మనసు తెలుసుకున్నానని నీకు రాశాను. నాకేమీ తెలియలేదు.

నీ దగ్గరికి రావడం లేదు. అది కూడా నీకు తెలియలేదు. జగన్నాధం బావ కారు ఖాళీగా వెళ్ళింది.

విశ్వం.

*

ఇసకపేట,
24 జూన్ 2018.

రాజేశ్వరత్తకి,

రాగసుధ నమస్కారాలు. వయసుని బట్టి ఎనిమిదిలోనే చేర్చుకున్నారు, ఎనిమిది బి సెక్షన్. తులసీ నేనూ ఒకే బెంచీ.

నీకు బాగా కోపం వచ్చిందని, సర్కారు బడిలో చేరిందా అని బావురుమన్నావని జగన్నాధం మామయ్య అమ్మకి చెప్పాడట. నువ్వు పాఠాలు చెప్పింది కూడా సర్కారు బడిలోనే కదత్తా. అక్కడ నీలాంటి టీచర్లు ఉంటారనే చేరాను. ఉన్నారు. లెక్కల మేడమ్ అచ్చం నీలాగే తిడుతుంది.

చేపలు తిన్నానా అని అడిగావు. తిన్నాను. బాగున్నాయి. నాన్నకి తెలీదు. తినలేదని నాన్న రాసిన ఉత్తరంలో తప్పులు దిద్దింది నేనే, ఆ తప్పు మాత్రం దిద్దలేదు.

మీ ఇద్దరి ఉత్తరాలూ ఏడాదంతా నేనే చదివాను. నువ్వు మనసులో చదువుకోమని రాసినవి కూడా నాన్న నా చేతే పైకి చదివించాడు. ప్రతి ఉత్తరంలోనూ నా పేరుంది. నాకేం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. ఈసారైనా ఉంటుందేమో అని ప్రతిసారీ చివరిదాకా చదివేదాన్ని. నాకు చాలా ఏడుపు వచ్చేది. నాన్న అది తెలుగులో భావం అర్థమై ఏడుస్తున్నాననుకుని మెచ్చుకునేవాడు. నాకు నాన్న మీద కోపం లేదు. నీ మీదా లేదు. కొంచెం ఉంది.

నిన్న సైన్సు మాష్టారు, ప్రదర్శనకి ప్రాజెక్టు ఎవరు చేస్తారు అని అడిగారు. క్లాసంతా చేతులెత్తారు. నేను ఎత్తలేదు. ఇంట్లో చెబితే నాన్న, పోనీ నేను చెయ్యనా అన్నాడు.

లెక్కల్లో వెనకబడ్డాను. మేడమ్ అరవైమందిని చూసుకోవాలి, నాకోసం ఆగలేదు. నువ్వు ఆదివారాలు వచ్చి చెబుతావా? నేను అక్కడికి రాను, నువ్వే రావాలి. శ్రీకాకుళంలో బస్సు దిగితే ఆటో దొరుకుతుంది. వస్తావో రావో జవాబు రాయి. కవరు మీద నాన్న పేరు రాయకు, నా పేరు రాయి. పోస్టుమ్యాన్ కొండబాబు బడికే తెచ్చి ఇస్తానన్నాడు.

రాగసుధ,
ఎనిమిది బి.